అంతియొకయలో తెగిన పంక్తి

తొలి క్రైస్తవ శతాబ్దం: ఆరో భాగం

ఒరొంటెస్ నది ఒడ్డున ఉన్న అంతియొకయ అప్పట్లో సిరియాకు రాజధాని. రోమా, అలెగ్జాండ్రియాల తర్వాత రోమా సామ్రాజ్యంలో చెప్పుకోదగ్గ మహానగరం. ఇప్పుడది టర్కీలో ఉంది, పేరు అంతాక్యా. యేసు శిష్యులకు క్రైస్తవులన్న పేరు మొదట పడింది ఈ ఊళ్లోనే. క్రీస్తుశకం 40ల చివర్లో, చరిత్రకారుల అంచనా ప్రకారం 48-49 ప్రాంతంలో, ఇక్కడ ఒక పంక్తి తెగింది. క్రైస్తవ వేదాంతం ఆ తర్వాత ఏ దారిన నడిచిందో అర్థం కావాలంటే ఆ భోజనం దగ్గరికే వెళ్లాలి.

అక్కడి సంఘంలో యూదులు ఉన్నారు, యూదులు కానివాళ్లూ ఉన్నారు. తెలుగు బైబిలు వీళ్లను అన్యజనులు అంటుంది. రెండు వర్గాలూ ఒకే చోట కూర్చుని తింటున్నాయి. యెరూషలేము నుంచి వచ్చిన కేఫా, అంటే మనం పేతురుగా ఎరిగిన పెద్దాయన, వాళ్లతో కలిసే తిన్నాడు. ఇంతలో యాకోబు దగ్గర్నుంచి కొందరు మనుషులు దిగారు. ఈ యాకోబు యేసు సహోదరుడు, యెరూషలేము సంఘానికి పెద్ద దిక్కు. వాళ్లను చూడగానే పేతురు జంకాడు. అన్యజనుల పంక్తి మానేసి పక్కకు తప్పుకున్నాడు. ఆయన్ని చూసి తక్కిన యూదులూ లేచారు. చివరికి పౌలుతో ఊరూరా తిరిగిన బర్నబా కూడా వాళ్ల వెంటే వెళ్లాడు.

పౌలు ఊరుకోలేదు. నలుగురి ముందూ పేతురును నిలదీశాడు. ఒక మనిషిని దేవుడు అంగీకరించాక, అతని పక్కన కూర్చోను అనడానికి నీకేం హక్కుంది? పౌలు వేసిన ప్రశ్న సారాంశం ఇదే.

ఈ గొడవ మనకు తెలిసింది పౌలు గలతీయులకు రాసిన లేఖ వల్ల. పేతురు ఏం జవాబు చెప్పాడో అందులో లేదు. తను గెలిచానని కూడా పౌలు రాయలేదు. గెలిచి ఉంటే రాయకుండా ఉండేవాడు కాదని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ లేఖలో పౌలు స్వభావం చూస్తే అది నమ్మదగ్గ మాటే.

ఇక్కడ యాకోబు మనుషుల్ని చాదస్తులని తోసిపారేయడం తేలిక, కానీ అన్యాయం. భోజన నియమాలు యూదులకు రక్తం పోసి కాపాడుకున్న ఆస్తి. క్రీస్తుపూర్వం 167 ప్రాంతంలో సెల్యూకసు వంశపు రాజు నాలుగో అంతియొకసు సున్నతిని నిషేధించాడు, పంది మాంసం తినమని యూదుల్ని బలవంతపెట్టాడు. తినం అన్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కథలు వాళ్ల ఇళ్లల్లో తరతరాలుగా చెప్పుకున్నారు. ఏం తింటాం, ఎవరితో తింటాం అన్నది వాళ్లకు దేవునితో చేసుకున్న నిబంధనకు గుర్తు. సామ్రాజ్యంలో చెదిరిపోయి బతుకుతున్న చిన్న జాతి తనను తాను నిలుపుకున్న తీరు అది. పౌలుకు ఇదంతా తెలియదా? ఆయన బెన్యామీను గోత్రీకుడు, ఎనిమిదో రోజున సున్నతి పొందినవాడు, పరిసయ్యుడు. గత భాగంలో చూశాం, ఈ నియమాల మీది పట్టుదలతోనే ఆయన ఒకప్పుడు సంఘాన్ని హింసించాడు. ఆ మనిషే ఇప్పుడు ఎదురు తిరిగాడు కాబట్టి ఆ మాటకు అంత బరువు.

పౌలు వేదాంత గ్రంథమంటూ ఒక్కటీ రాయలేదు. రాసినవన్నీ ఉత్తరాలే. కొత్త నిబంధనలో ఆయన పేరుతో 13 ఉన్నాయి. రోమా, కొరింథుకు రెండు, గలతీ, ఫిలిప్పీ, థెస్సలొనీకకు మొదటిది, ఫిలేమోను: ఈ ఏడూ నిస్సందేహంగా పౌలువేనని దాదాపు పండితులందరూ ఒప్పుకుంటారు. ఎఫెసీ, కొలొస్సీ, రెండో థెస్సలొనీక, తిమోతికి రాసిన రెండు, తీతుకు రాసింది, ఈ ఆరింటి మీద వాదాలున్నాయి. శిష్యులెవరో గురువు పేరు మీద రాశారని కొందరు, కాదు ఆయనవేనని కొందరు. హెబ్రీయులకు రాసిన పత్రికలో అసలు రచయిత పేరే లేదు. ఈ భాగంలో మన నడక ప్రధానంగా ఆ ఏడింటి మీద.

ఆ ఉత్తరాలు ఎలా పుట్టాయో కూడా చూడాలి. పౌలు చెబుతుంటే లేఖకుడు పపైరసు మీద రాసేవాడు. రోమా పత్రిక రాసిన లేఖకుడి పేరు తెర్తియు. చివర్లో తన వందనాలు కూడా చేర్చుకున్నాడాయన. తీసుకెళ్లినవాళ్లు సంఘం కూడినప్పుడు పైకి చదివి వినిపించేవారు. చదువు రాని దాసులు, వర్తకులు, ఆడవాళ్లు, అందరూ చెవులతోనే అందుకున్న వేదాంతం ఇది. అందుకే ఆ లేఖల్లో సగం సంభాషణే వినిపిస్తుంది. ఎదుటివాడి ఆక్షేపణ తనే ఎత్తుకుంటాడు, తనే ఖండిస్తాడు. మనకు దొరికిన పౌలు లేఖల సంపుటాల్లో అన్నిటికన్నా పాతది క్రీస్తుశకం 200 ప్రాంతపు పపైరసు పుస్తకం. 104 ఆకుల ఆ పుస్తకంలో 86 మిగిలాయి. కొన్ని డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో, కొన్ని అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

కాలం లెక్క కట్టడానికి ఒక రాయి సాయపడింది. కొరింథులో పౌలును గల్లియోను అనే రోమా అధిపతి ముందుకు ఈడ్చుకెళ్లారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. ఈ గల్లియోను తత్వవేత్త సెనెకాకు అన్న. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనం ముక్కల్లో క్లౌదియ చక్రవర్తి అతని పేరు ప్రస్తావించాడు. దాన్నిబట్టి గల్లియోను ఆ పదవిలో ఉన్నది 51-52 ప్రాంతంలోనని తేలింది. పౌలు జీవితంలోని తేదీలన్నీ ఈ మేకుకే తగిలించి లెక్కిస్తారు.

అంతియొకయ గొడవ అక్కడితో ఆగలేదు. ఇప్పటి టర్కీ నడిబొడ్డున ఉన్న గలతీయ ప్రాంతంలో పౌలు స్థాపించిన సంఘాల్లోకి వేరే బోధకులు వచ్చారు. క్రీస్తును నమ్మడం మంచిదే, అయితే సున్నతి కూడా చేయించుకోండి, దినాలు పాటించండి, అప్పుడే మీరు అబ్రాహాము సంతానం అవుతారు అన్నారు. కబురు చెవిన పడగానే పౌలు మండిపడ్డాడు. ఆ కాలంలో ఉత్తరం మొదట్లో దేవునికి కృతజ్ఞతలు చెప్పడం ఆయన రివాజు. గలతీ లేఖలో ఆ పేరా లేదు. పలకరించీ పలకరించకముందే చీవాట్లు మొదలు. చివర్లో కలం తనే అందుకుని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు.

ఆ కోపం కింద గట్టి తర్కం ఉంది. గలతీయుల బోధకులు అబ్రాహాము పేరెత్తారు కదా, పౌలూ అబ్రాహామునే ఎత్తుకున్నాడు. ఆదికాండము పదిహేనో అధ్యాయంలో అబ్రాహాము దేవుని మాట నమ్ముతాడు, అది అతనికి నీతిగా లెక్కకు వస్తుంది. సున్నతి ఆజ్ఞ వచ్చేది పదిహేడో అధ్యాయంలో. మోషే ధర్మశాస్త్రమైతే ఇంకా 430 ఏళ్ల తర్వాత. మరి దేవుడు అబ్రాహామును నీతిమంతుడన్నప్పుడు అతను సున్నతి పొందినవాడా, పొందనివాడా? ఈ ప్రశ్నను పౌలు రోమా లేఖలో సూటిగా అడుగుతాడు. పొందనివాడే. అలాగైతే సున్నతి లేని అన్యజనులకూ అబ్రాహామే తండ్రి. వరస ఒక్కటి పట్టుకుని ఎదుటివాళ్ల సాక్షిని తనవైపు తిప్పుకున్న ఈ వాదం చదువుతుంటే, ఈయన రబ్బీల బడిలో ఆరితేరినవాడన్న సంగతి కళ్లకు కడుతుంది.

మరి ధర్మశాస్త్రం ఎందుకిచ్చినట్టు? ఆ రోజుల్లో ధనికుల ఇళ్లల్లో పిల్లవాడిని బడికి తీసుకెళ్లి, తీసుకొచ్చి, నడత కనిపెట్టి ఉండే దాసుడొకడు ఉండేవాడు. పిల్లవాడు యుక్తవయసుకు వచ్చేదాకానే అతని పెత్తనం. ధర్మశాస్త్రం పని అదేనంటాడు పౌలు. దాన్ని చెడ్డదని అనలేదు. రోమా లేఖలో అది పరిశుద్ధమైనదని ఒప్పుకున్నాడు. దాని గడువు క్రీస్తుతో తీరిందని మాత్రమే ఆయన వాదం.

అసలు మలుపు సిలువ. సిలువ వేయడం రోమన్లు దాసులకూ తిరుగుబాటుదారులకూ విధించిన శిక్ష. నాలుగు దారులు కలిసే చోట, అందరూ చూసేలా, గంటల తరబడి చంపే పద్ధతి. పెద్దమనుషులు ఆ మాట నోటితో పలకడానికే ఇష్టపడేవాళ్లు కాదు. దానికి తోడు మాను మీద వేలాడదీసినవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండము చెబుతుంది. పరిసయ్యుడైన సౌలుకు, అంటే అప్పటి పౌలుకు, అందుకే యేసు మెస్సీయ అన్న మాట దైవదూషణగా వినిపించింది. దమస్కు దారిలో ఆ యేసే బతికి ఉన్నాడన్న ఎరుక కలిగాక లెక్క మొత్తం తలకిందులైంది. దేవుడు శపితుణ్ణి లేపాడంటే, ఆ శాపం ఇతరుల కోసం మోసినదై ఉండాలి. శపితుల వరసలోకి దేవుడే దిగివచ్చాక పవిత్రులెవరు, అపవిత్రులెవరు అన్న పాత గీతకు బలం ఎక్కడిది? కృప, విశ్వాసం, నీతిమంతులుగా తీర్చబడటం అంటూ తర్వాతి వేదాంతులు పెద్ద పెద్ద గ్రంథాలు రాసిన మాటలన్నీ ఈ లెక్కలోంచే వచ్చాయి. బాప్తిస్మం పొందినవాళ్లలో జాతి, దాస్యం, ఆడ మగ అనే మూడు గీతల్నీ పౌలు గలతీ లేఖలో ఒక్క వాక్యంలో చెరిపేశాడు. మొదటి శతాబ్దంలో ఇది ఎంత పెద్ద మాటో, దాసుల సంత రోజూ జరిగే ఊళ్లో ఉన్నవాళ్లకు బాగా తెలుసు.

ఇక కొరింథు. క్రీస్తుపూర్వం 146లో రోమా సేనాని మమ్మియసు నేలమట్టం చేసిన ఊరు. నూరేళ్ల తర్వాత, క్రీస్తుపూర్వం 44లో, జూలియస్ సీజరు మళ్లీ కట్టించాడు. విముక్తి పొందిన దాసుల్ని తెచ్చి కాపురం పెట్టించాడు. అటు లెకయోను, ఇటు కెంక్రేయ, రెండు సముద్రాల మీద రెండు రేవులు. డబ్బు, సరుకు, పుకారు అన్నీ వేగంగా తిరిగే ఊరు. పాత వంశాల ప్రతిష్ఠ లేని చోట కొత్త డబ్బు ప్రతిష్ఠ కోసం అంగలార్చింది. ఆ జబ్బు సంఘంలోకీ పాకింది. నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి, నేను కేఫావాణ్ణి అంటూ ముఠాలు కట్టారు. ఈ సంగతి ఎఫెసులో ఉన్న పౌలుకు క్లోయె అనే ఆవిడ ఇంటివాళ్లు చేరవేశారు. 54 ప్రాంతంలో ఆయన రాసిన జవాబే మొదటి కొరింథీ పత్రిక.

ఇక్కడ కూడా గొడవ తిండి దగ్గరే. ఊళ్లో దొరికే మాంసంలో చాలావరకు ఏదో ఒక గుళ్లో బలిగా ఇచ్చిందే. విందులు కూడా గుళ్ల ఆవరణల్లో జరిగేవి. కొరింథు తవ్వకాల్లో వైద్యదేవుడు అస్క్లేపియసు గుడి పక్కన భోజనశాలలు బయటపడ్డాయి. ఒక్కో గదిలో గోడల వెంబడి 11 పాన్పులు. రోమన్లు పక్కకు ఒరిగి పడుకుని తినేవాళ్లు కదా, అందుకు. ఒక వర్తకుడు నీ ఇంటికి మనిషిని పంపి రాత్రికి అక్కడ విందు, రమ్మన్నాడు. వెళ్తావా? తెలుగునాట క్రైస్తవ కుటుంబాల్లో పక్కింటివాళ్లు ప్రసాదం తెచ్చిచ్చినప్పుడు తినాలా వద్దా అని నేటికీ తర్జనభర్జన జరుగుతుంది. పాస్టర్లు అప్పుడు తెరిచేది ఈ లేఖలోని ఎనిమిది నుంచి పది అధ్యాయాలే.

పౌలు జవాబు ఒక్క మాటలో తేలేది కాదు. విగ్రహం వట్టిదని తెలిసినవాడికి ఆ మాంసం మాంసమే, నిజమే. సంతలో అమ్మింది ఏమీ అడక్కుండా కొనుక్కో, పిలిచిన ఇంట్లో పెట్టింది తిను. కానీ నీ పక్కన ఇంకా ఆ భయం వదలని తమ్ముడు ఉంటే, నిన్ను చూసి అతను మనస్సాక్షికి విరుద్ధంగా తిని నలిగిపోతే, నీ జ్ఞానం అతన్ని చంపినట్టే. అలాంటి పరిస్థితి వస్తే జన్మలో మాంసం ముట్టనంటాడు. గుళ్లో దేవతల పంక్తిలో కూర్చోవడం మాత్రం వద్దని ఖండితంగా చెప్పాడు. గమనించండి, అంతియొకయలో కలిసి తినమని పోట్లాడిన మనిషే ఇక్కడ తినకుండా ఉండమంటున్నాడు. రెండు చోట్లా కొలబద్ద ఒకటే. పక్కవాణ్ణి పోగొట్టుకోకూడదు. సూత్రాల జాబితా కోసం పౌలును చదివేవాళ్లకు ఆయన పరస్పర విరుద్ధంగా కనిపించడానికి కారణం ఇదే.

ఇంకా ఘోరం సంఘం సొంత భోజనం దగ్గర జరిగింది. ప్రభురాత్రి భోజనం అప్పట్లో నిజంగా భోజనమే. ఎవరో ఒక కలిగినవాడి ఇంట్లో కలుసుకునేవాళ్లు. కొరింథులో గాయియు అనే ఆయన సంఘమంతటికీ ఆతిథ్యమిచ్చాడని రోమా పత్రికలో ఉంది. రోమన్ ఇంటి భోజనాల గదిలో మూడు పాన్పుల మీద తొమ్మిది మందికి చోటు. మిగిలినవాళ్లు బయట ముంగిట్లో. యజమాని స్నేహితులు ముందే వచ్చి లోపల కూర్చుని మంచి భోజనం కానిచ్చేవాళ్లని, పొద్దుగూకేదాకా పని చేసి వచ్చే దాసులకూ కూలీలకూ బయట మిగిలిందేదో దక్కేదని పండితులు ఊహిస్తారు. లేఖలో పౌలు చెప్పింది మాత్రం స్పష్టం. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉన్నాడు. ఇది ప్రభువు భోజనం కానే కాదన్నాడు. లేనివాళ్లను సిగ్గుపరుస్తున్నారని గద్దించాడు.

ఆ గద్దింపు మధ్యలోనే, యేసు తను అప్పగింపబడిన రాత్రి రొట్టె విరిచి గిన్నె అందించిన వృత్తాంతం గుర్తు చేశాడు. తను అందుకున్నదే మీకు అందించానన్నాడు. సువార్తల్లో పాతదైన మార్కు సువార్త వచ్చింది 70 ప్రాంతంలో. అంటే యేసు కడరాత్రి భోజనం గురించి లోకంలో మిగిలిన తొట్టతొలి రాతపూర్వక కథనం ఇదే. నేటికీ ఆదివారం ఆరాధనల్లో గురువులు పలికే ఆ మాటలు పేదవాడి ఆకలి మీద జరిగిన తగాదాలో కాగితానికెక్కాయని మరిచిపోకూడదు.

మరుసటి అధ్యాయంలో శరీరం, అవయవాలు అన్న ఉపమానం వస్తుంది. అది పౌలు సొంతం కాదు. క్రీస్తుపూర్వం 494లో రోమాలో సామాన్యులు పని మానేసి ఊరి బయట కొండెక్కి కూర్చుంటే, మెనేనియసు అగ్రిప్ప అనే పెద్దమనిషి వెళ్లి కడుపు మీద అలిగిన అవయవాల కథ చెప్పి వాళ్లను వెనక్కి తెచ్చాడని చరిత్రకారుడు లివీ రాశాడు. కడుపుకు తిండి పెట్టడం మానేస్తే చేతులూ కాళ్లూ చస్తాయి, కాబట్టి పైవాళ్లకు లోబడి ఉండండని ఆ కథ నీతి. పౌలు అదే కథను తీసుకుని తిరగేశాడు. బలహీనంగా కనిపించే అవయవాలే మరీ అవసరం, తక్కువగా ఎంచే వాటికే దేవుడు ఎక్కువ గౌరవం పెట్టాడు అన్నాడు. పాలకుల ఉపమానాన్ని కూలివాళ్ల చేతికిచ్చిన ఈ సాహసానికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. ప్రేమ గురించిన పదమూడో అధ్యాయం పెళ్లిళ్లలో చదివీ చదివీ అందరికీ కంఠతా వచ్చింది. అది కూడా ఈ కొట్లాటలో భాగమే. వరాలున్నాయని, భాషలు మాట్లాడతామని ఒకరి మీద ఒకరు ఎగిరిపడుతున్నవాళ్లకు రాసిన మందు అది.

ఈ లేఖ మొదటి అధ్యాయం మన గడ్డ మీద పనిచేసిన సందర్భం ఒకటుంది. 1860లలో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దగ్గరికి మొదట అగ్రవర్ణాలవాళ్లు పిల్లల్ని బడికి పంపారు. ఆ తర్వాత మాదిగపల్లెల నుంచి జనం క్రైస్తవంలోకి రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేము రాలేమని పెద్ద కులాలవాళ్లు తెగేసి చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కంటపడిందని ఆ మిషన్ చరిత్రలో పదే పదే చెప్పుకుంటారు. దేవుడు పిలిచినవాళ్లలో జ్ఞానులు, బలవంతులు, గొప్ప వంశాలవాళ్లు ఎక్కువమంది లేరని పౌలు కొరింథువాళ్లకు గుర్తు చేసిన భాగం అది. క్లౌ మాదిగల పక్షాన నిలబడ్డాడు, అగ్రవర్ణాల పిల్లలు బడి వదిలి వెళ్లిపోయారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అయినా ఆ తర్వాత తెలుగు సంఘాల్లో కులాల గీతలు పూర్తిగా చెరగలేదు. పౌలు లేఖల్ని ప్రతి ఆదివారం చదివే చోట కూడా మాలలకు ఒక చర్చి, మాదిగలకు ఒక చర్చి ఉన్న ఊళ్లున్నాయి. ఇది బాధతో ఒప్పుకోవలసిన నిజం.

పునరుత్థానం మీద పౌలు బోధ కూడా ఇలాగే సంఘాల చిక్కుల్లోంచి పుట్టింది. పౌలు లేఖల్లో మొదటిదిగా ఎక్కువమంది పండితులు లెక్కించేది 50 ప్రాంతంలో థెస్సలొనీకవాళ్లకు రాసినది. ప్రభువు త్వరలో తిరిగి వస్తాడని అంతా ఎదురుచూస్తున్నారు. ఈలోగా సంఘంలో కొందరు కన్నుమూశారు. మరి వాళ్ల గతేమిటి, వాళ్లు వెనకబడిపోయినట్టేనా అని బంధువులు కుమిలిపోయారు. చనిపోయినవాళ్లే ముందు లేస్తారని పౌలు ఓదార్చాడు. కొరింథులో ఇంకో వైపు నుంచి చిక్కు వచ్చింది. శవం లేవడమేమిటని అక్కడ కొందరు ఎగతాళి చేశారు. పౌలు పేర్లు చెప్పి సాక్షుల వరస ఇచ్చాడు. కేఫా, పన్నెండుమంది, 500 మందికి పైగా సోదరులు, యాకోబు, అపొస్తలులందరూ, అందరికన్నా చివర తను. ఆ 500 మందిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారన్నాడు. విత్తనం నేలలో పడి వేరే రూపంతో లేచినట్టు, లేచే శరీరం ఇప్పటి శరీరం లాంటిది కాదని వివరించాడు.

57 ప్రాంతంలో, కొరింథులో ఉండగా, పౌలు తన లేఖలన్నిటిలో పెద్దదాన్ని చెప్పి రాయించాడు. అది అప్పటికి ఆయన కాలు పెట్టని రోమా నగరానికి. తీసుకెళ్లింది ఫీబే, కెంక్రేయ సంఘ పరిచారకురాలు. లోకంలో అత్యధిక వ్యాఖ్యానాలు పుట్టించిన లేఖల్లో ఒకటైన దీన్ని మోసుకెళ్లింది ఒక స్త్రీ.

ఈ లేఖను చాలామంది సిద్ధాంత గ్రంథంలా చదువుతారు. దాని వెనకా ఒక ఊరి గొడవ ఉంది. 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోమా నుంచి వెళ్లగొట్టాడు. కొరింథులో పౌలుకు ఆశ్రయమిచ్చిన అకుల, ప్రిస్కిల్ల దంపతులు అలా వచ్చినవాళ్లే. 54లో క్లౌదియ చనిపోయాక యూదులు తిరిగివచ్చారు. అప్పటికి రోమా సంఘాలు అన్యజనుల చేతుల్లోకి పోయి ఉంటాయి. పద్నాలుగో అధ్యాయంలో కొందరు కూరగాయలే తింటున్నారు, కొందరు అన్నీ తింటున్నారు. కొందరు దినాలు పాటిస్తున్నారు, కొందరు పట్టించుకోవడం లేదు. తినేవాడు తిననివాణ్ణి తీసిపారేయొద్దు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చొద్దు, క్రీస్తు మిమ్మల్ని చేర్చుకున్నట్టు ఒకర్నొకరు చేర్చుకోండి అని పౌలు వేడుకుంటాడు. మొదటి అధ్యాయాల్లో యూదుడూ అన్యుడూ ఇద్దరూ పాపం కిందే ఉన్నారని, ఇద్దరికీ దారి ఒకటేనని అంత పొడుగున వాదించింది ఇక్కడికి తీసుకురావడానికే. తొమ్మిది నుంచి పదకొండు అధ్యాయాల్లో అన్యజనుల్ని హెచ్చరిస్తాడు. మీరు మంచి ఒలీవ చెట్టుకు అంటుకట్టిన అడవి కొమ్మలు, వేరు మీద మిడిసిపడకండి. ఈ హెచ్చరికను క్రైస్తవ ఐరోపా శతాబ్దాల పాటు పెడచెవిన పెట్టింది. దాని ఫలితం యూదులు అనుభవించారు.

లేఖలకు తర్వాతి జీవితం కూడా ఉంది. 386లో మిలాను నగరపు తోటలో అగస్టీను రోమా పత్రిక తెరిచి బతుకు మార్చుకున్నాడు. 1515-16లో విట్టెన్‌బర్గ్‌లో ఆ పత్రిక మీద పాఠాలు చెబుతూ మార్టిన్ లూథరు దేవుని నీతిని కొత్తగా అర్థం చేసుకోసాగాడు. 1738 మే 24న లండన్‌లో లూథరు రాసిన రోమా పత్రిక ముందుమాట చదువుతుంటే విని జాన్ వెస్లీ కదిలిపోయాడు. వీళ్లందరూ పౌలును అడిగింది ఒకే ప్రశ్న. పాపినైన నేను దేవుని ముందు ఎలా నిలబడగలను? అది గొప్ప ప్రశ్నే. కానీ 1977లో ఇ.పి. శాండర్స్ అనే పండితుడు పాలస్తీనా యూదుమతం మీద పెద్ద గ్రంథం రాసి, ఆనాటి యూదులు పుణ్యకార్యాలతో రక్షణ కొనుక్కోవాలని చూశారన్న అభిప్రాయం తప్పని చూపించాడు. దేవుడు ముందు కృపతో ఎన్నుకున్నాడు, ధర్మశాస్త్రం పాటించడం దానికి కృతజ్ఞత అన్నదే వాళ్ల నమ్మకం. అప్పట్నుంచి పండితలోకం పౌలును మళ్లీ అంతియొకయ పంక్తిలో కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టింది. లూథరు చూసింది అబద్ధం కాదు. అయితే పౌలు బాధ ముందు రెండు జనాలది, ఆ తర్వాతే ఒక మనిషిది.

పౌలును మోయలేని చోట్లు కూడా ఉన్నాయి. కేవలం 25 వచనాల ఫిలేమోను లేఖలో, యజమానికి దూరమైన దాసుడు ఒనేసిమును తిరిగి పంపుతూ, దాసుడిగా కాక ప్రియ సోదరుడిగా చేర్చుకోమన్నాడు. బాకీ ఉంటే నా ఖాతాలో వెయ్యమన్నాడు. దాస్యాన్నే రద్దు చెయ్యమని మాత్రం అనలేదు. ఎఫెసీ, కొలొస్సీ లేఖల్లో దాసులు యజమానులకు లోబడాలన్న బోధ ఉంది. అమెరికాలో తోటల యజమానులు ఆ వాక్యాలనే ప్రసంగాలుగా చెప్పించారు. దాస్యంలో పుట్టిన తన అమ్మమ్మ బైబిలు చదివించుకునేటప్పుడు పౌలు లేఖల జోలికి పోనిచ్చేది కాదని, ఎప్పుడైనా ప్రేమ అధ్యాయం ఒక్కటీ అనుమతించేదని నల్లజాతి వేదాంతి హోవర్డ్ థర్మన్ 1949లో రాశాడు. ఆ తల్లి నిర్ణయాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆమెకు వినిపించిన లేఖలు పౌలువి అవునో కాదో అన్న వాదం నేటికీ తెగలేదు. గలతీ లేఖలోని సమానత్వపు మాట మాత్రం నిస్సందేహంగా ఆయనదే.

రోమా లేఖ ముగించే నాటికి పౌలు చేతిలో ఒక మూట ఉంది. మాసిదోనియ, అకయ సంఘాలు యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేసిన చందా. వారం వారం మొదటి రోజున ఎవరి రాబడి కొద్దీ వాళ్లు కొంత పక్కన పెట్టమని కొరింథువాళ్లకు ఆయనే చెప్పాడు. అన్యజనుల డబ్బు యూదు పేదల పళ్లెంలోకి చేరితే అంతియొకయలో తెగింది మళ్లీ అతుక్కుంటుందని ఆశ. భయం కూడా ఉంది. ఈ కానుక వాళ్లకు ఇష్టమయ్యేలా ప్రార్థించమని రోమావాళ్లను బతిమాలాడు. యెరూషలేములో జరిగింది వేరు. ఎఫెసువాడైన త్రోఫిము అనే అన్యుణ్ణి దేవాలయంలోకి తెచ్చాడన్న అపవాదుతో జనం పౌలు మీద పడ్డారు, రోమా సైనికులు వచ్చి సంకెళ్లు వేశారు. దేవాలయంలో అన్యజనులు దాటకూడని గీత ఒకటుండేది. ఆ గీత దాటిన పరదేశి తన చావుకు తానే బాధ్యుడని గ్రీకులో చెక్కిన దేవాలయపు హెచ్చరిక రాయి 1871లో దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది.

ఆ అరెస్టు, కైసరయలో చెర, రోమా ప్రయాణం వచ్చే భాగంలో. ఈలోగా వీలు చేసుకుని గలతీయులకు రాసిన లేఖను ఒక్క బిగిన చదవండి. ఆరే అధ్యాయాలు.